శ్వాసధర్మము

రూపము లేనిదై స్పర్శమాత్రముచేత తెలియబడునది వాయువని మన తార్కికులు లక్షణము చెప్పిరి. పదునేడవ శతాబ్దమున తర్కసంగ్రహమును రచించి న్యాయశాస్త్రమును బాలురకు సైతము సుగమము చేసిన అన్నంభట్టు తెలుగువాడే యగుటచే, ఈ లక్షణము మన పాఠశాలలలో తరతరములుగా వల్లెవేయబడుచు వచ్చినది. గాలిని చర్మముచే ఎరుగుదుము. కొమ్మ కదలినప్పుడు ఊహింతుము. అంతకు మించి తెలియుటకు మానవునికి చిరకాలము వేరు సాధనము లేకపోయెను. ఉబ్బసముతో బాధపడువానికి మాత్రము మరియొక ప్రమాణము, మిక్కిలి కఠినమైన ప్రమాణము, ఎల్లప్పుడును కలదు: అది వాని రొమ్మే. గాలి చెడినదని లోకమెరుగక మునుపే వాని రొమ్ములో పిల్లికూతలు పుట్టును. ఇరుగుపొరుగువారు సుఖముగా నిద్రించు రాత్రి వాడు మంచముపై కూర్చుండి, మోకాళ్ళపై చేతులూని, ఒక్కొక్క ఊపిరిని ప్రయాసతో సంపాదించుకొనును. ఐనను వాని సాక్ష్యమును లోకము చిరకాలము వాని దౌర్బల్యముగానే ఎంచినది గాని గాలిని గూర్చిన వార్తగా స్వీకరింపలేదు.

ఇప్పుడు ఆ రోగి చేతికి ఒక క్రొత్త సాధనము వచ్చినది. అరచేతిలో ఇముడునంతటి పెట్టె. లోపల చిన్న పంకా. అది గాలిని లోనికి లాగగా, ఆ గాలి లేజరు కిరణమునకు అడ్డముగా సాగునప్పుడు అందలి రేణువులు కాంతిని చెదరగొట్టును. చెదరిన కాంతిని ఒక గ్రాహకము పట్టి, దానినిబట్టి రేణువుల సంఖ్యను, సంఖ్యనుబట్టి బరువును లెక్కగట్టి, ఘనపు మీటరు గాలిలో ఇన్ని మైక్రోగ్రాములని అంకెగా చూపును. అది ముఖ్యముగా లెక్కించునది పి.ఎం. 2.5 అను సూక్ష్మరేణువులను, అనగా రెండున్నర మైక్రానులకు మించని వ్యాసము గలవానిని. తలవెంట్రుక మందములో ఇంచుమించు ముప్పదియవ వంతు మాత్రమే యగుటచే ఇవి ముక్కులోని వెంట్రుకలకును గొంతు తడికిని చిక్కక ఊపిరితిత్తుల లోతులకు చేరును. ఉబ్బసరోగి శ్వాసనాళముల లోపొర ఎల్లప్పుడును ఎంతో కొంత వాచియుండును. రేణువులు తాకినంతనే చుట్టునున్న కండరములు బిగిసి, నాళము ఇరుకై, లోనికి పోయిన గాలి వెలికి రాలేక వాడు అల్లాడును.

సాధనమును ఆశ్రయించువారు దాని పరిమితిని గూడ ఎరుగవలెను. మంచు దట్టముగా కమ్మిన పుష్యమాసపు ఉదయమున, తేమను పీల్చి ఉబ్బిన రేణువులను, గాలిలో తేలు నీటి తుంపరలను అది ధూళిగా గ్రహించి అంకెను పెంచి చెప్పును. ఆవిరిని చూచి పొగయని భ్రమించి, ఆ పొగనుబట్టి నిప్పును ఊహించుట దుష్టహేతువునకు మన ప్రాచీన తార్కికులిచ్చిన ఉదాహరణము. సరిగా ఆ దోషమే ఈ నూతన యంత్రమునకును సంక్రమించుట చూడగా, ప్రమాణపరీక్ష యెంత శాశ్వతమైన విద్యయో తెలియుచున్నది. కావుననే ప్రభుత్వపు పెద్ద యంత్రముల సరసన నుంచి దీని లెక్కను సరిచూచుట ఆవశ్యకమని నిపుణులందురు. పుప్పొడిని ఇది చక్కగా ఎరుగదు. చలిని, జలుబును ఎరుగదు. ప్రత్యేకమైన సెన్సారు లేనిదే ఓజోనును, నైట్రోజన్ డయాక్సైడును ఎరుగదు. అన్నింటికంటె ముఖ్యముగా, గాలి యెట్లున్నదో చెప్పును గాని రొమ్మెట్లున్నదో చెప్పదు. రొమ్ము సంగతి తెలియుటకు 1959లో మార్టిన్ రైట్ అను ఆంగ్లేయుడు వైద్యలోకమునకు పరిచయము చేసిన పీక్ ఫ్లో మీటరు కలదు. గట్టిగా ఊదినప్పుడు ఊపిరి ఎంత వేగముగా వెలువడునో అది కొలుచును. ఈ రెండు లెక్కలను ఒకే పుస్తకములో ప్రక్కప్రక్కన వ్రాసికొన్న రోగికి, ఏ వేళ, ఏ తావున, దేని సన్నిధిని తనకు ఆయాసము వచ్చుచున్నదో క్రమముగా తేటపడును.

ఇంతవరకు ఇది వైద్యుని మాట. దీని వెనుక నిలిచియున్న ప్రశ్న వేరు. కనబడనిదానిని కనబరచు జ్ఞానము ఒకని చేతికి వచ్చినప్పుడు, ఆ జ్ఞానము ఎవనికి ఏ కర్తవ్యమును విధించును? రోగి తప్పుకొని పోవలెనని విధించునా, పొగ పెట్టువాడు మానవలెనని విధించునా? ఇది ధర్మప్రశ్న, దీనిని మెదకు వంటి చిన్న పట్టణమున నిలిచి విచారించుటయే మేలు, ఏలయన మహానగరమున దోషము అందరి మీదను పడి ఎవ్వరిదియు కాకపోవును, చిన్న యూరిలో పొగకు పేరుండును.

కోటగుట్టను, చర్చి గోపురమును, ఘనపురము ఆనకట్ట నుండి మంజీర నీరు పారు వరిపొలములను చూచువానికి మెదకు గాలికి ఏమి లోపమనిపించును. కాని వానాకాలపు పంటయు యాసంగి పంటయు కోతకు వచ్చిన పిమ్మట, హార్వెస్టరు కోసిపోయిన మడిలో మిగిలిన కొయ్యకాళ్ళకు నిప్పు పెట్టుదురు. వీధి మొగదల చెత్తకుప్ప కాలుచుండును. ప్రొద్దుగుంకగానే దోమలకు పొగ వేయుదురు. బీడీలు చుట్టు ఇండ్లలో పొగాకు ధూళి పసిబిడ్డల పడకలపై సైతము వ్రాలును. జిల్లా దక్షిణపుటంచున కాళ్ళకల్ పరిసరములలో కర్మాగారములు వెలసినవి. పటాన్‌చెరువు ప్రక్క ఇక్రిశాట్ ఆవరణలోను, పాశమైలారములోను, బొల్లారములోను గాలిని ఎడతెగక కొలుచు స్థిరకేంద్రములు కలవు. అవి తమ పరిసరముల గాలిని గూర్చి సత్యమే పలుకును. కాని మెదకులో ఒక గృహిణి తెల్లవారుజామున పొయ్యి రాజేయునప్పుడు ఆమె ముఖమునకెదురగు గాలిని గూర్చి చెప్పజాలవు. చేత పట్టుకొనిపోదగిన సాధనమునకు గల విశేషమంతయు ఇందే యున్నది: అది ఊరి గాలిని గాక మనిషి గాలిని కొలుచును.

ఆ గృహిణి మాట వచ్చినది గనుక న్యాయశాస్త్రమునే మరల స్మరింపవలసియున్నది. ఎచ్చట పొగ యున్నదో అచ్చట నిప్పున్నదనుట అనుమానమునకు మన శాస్త్రమంతట ప్రసిద్ధమైన ఉదాహరణము. దానికి చూపు దృష్టాంతము వంటయిల్లు. ఎన్నియో శతాబ్దములుగా విద్యార్థులు ఈ వాక్యమును పఠించిరి, గురువులు వ్యాఖ్యానించిరి, వాదులు ఖండించిరి. పర్వతముపై పొగను చూచి నిప్పును ఊహించితిమి. వంటయింట పొగను చూచి, ఆ పొగలో కూర్చున్న స్త్రీని గూర్చి ఏమియు ఊహింపకపోతిమి. పొగ మనకు హేతువుగానే యుండిపోయినది. విచారింపదగిన విషయముగా నిలువలేదు. మహామేధావుల దృష్టి సైతము తన ఇంటి నడుమనున్న బాధను దాటి దూరపు పర్వతమునకు పోగలదనుటకు ఇంతకంటె నిదర్శనము నాకు తోచదు. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున దీపము పథకమును, 2016లో దేశమంతట ఉజ్జ్వల పథకమును పేద స్త్రీలకు గ్యాసు పొయ్యినిచ్చినవి; ఐనను సిలిండరు నిండుకొన్న యింట కట్టెలపొయ్యి మరల రాజుకొనుచునే యున్నది.

ఈ విషయమును మన తెలంగాణమందే శాస్త్రీయముగా పరిశీలించిరి. హైదరాబాదునకు చేరువ పల్లెలలో, బార్సిలోనా నగరపు పరిశోధకులును మన దేశపు శాస్త్రజ్ఞులును కలిసి, గాలి కాలుష్యమునకును హృద్రోగములకును గల సంబంధమును తెలియుటకై, గ్రామీణులచే వాయుమాపకములను, చిన్న కెమెరాలను ధరింపజేసి, వారు దినమంతయు ఏ పనిలో ఏ గాలిని పీల్చుచున్నారో లెక్కించిరి. స్త్రీలు రేణువులను హెచ్చుగా పీల్చు వేళలు ముఖ్యముగా వంటపనితో ముడిపడియున్నవని ఆ పరిశీలన తేల్చినది. ఢిల్లీలో ఉబ్బసము గల బాలబాలికలచే ఇట్టి సాధనములను ధరింపజేసి పరిశీలించిన యత్నమును కలదు. ఆ బిడ్డలు మోసికొని తిరిగిన పెట్టెలు వారి రోగమును కుదుర్చుటకు కావు; మనము ఏ గాలిలో వారిని పెంచుచున్నామో మనకు చెప్పుటకు.

ఇచ్చట మతవిశ్వాసము అడ్డుపడునని కొందరందురు. పూర్వజన్మపాపము వ్యాధిరూపమున బాధించునని మన ధర్మగ్రంథములలోని కర్మవిపాకప్రకరణములు చెప్పుచున్నవి. దమ్ము పట్టి ఎగరోజు బిడ్డను చూచి, ‘ఏ జన్మల ఏం పాపం చేసిందో’ అని ముసలమ్మ కంట తడి పెట్టును. ఆ కన్నీటిలో దయ యున్నది. కాని ఆ మాటలో ప్రక్కింటి పొయ్యికి క్షమాపణ యున్నది. కర్మసిద్ధాంతమును నేను నిరాకరింపను. చేసినదాని ఫలము చేసినవాడు అనుభవింపక తప్పదనుట లోకమునకు నీతినిచ్చిన మహావాక్యము. అయితే చేయనిదాని ఫలము ఒకనికి సంప్రాప్తించుట, చేసినదాని ఫలము చేసినవానికి లేకపోవుట, ఈ రెండును పొసగవని కర్మము నంగీకరించిన మన దార్శనికులు పట్టుబట్టిరి. అకృతాభ్యాగమము, కృతనాశము అని వానికి పేర్లుంచి దోషములుగా పరిగణించిరి. గాలి విషయమున ఈ దోషములే ప్రతిదినము మన కన్నులయెదుట సంభవించుచున్నవి గదా! నిప్పు పెట్టినవాడొకడు, దగ్గువాడొకడు. లాభము ఒకరిది, ఆయాసము మరియొకరిది. ఈ చిక్కును పూర్వజన్మమునకు నెట్టివేయుట సులభమే. కాని అట్లు నెట్టివేయువాడు కర్మసిద్ధాంతమును రక్షించుట లేదు, దాని మాటున దాగుచున్నాడు.

ఈ ప్రశ్నను సూటిగా ఎదుర్కొన్న గ్రంథము మనకు కలదు. చరకసంహితలోని విమానస్థానమున మూడవ యధ్యాయము జనపదోద్ధ్వంసమును గూర్చినది. భిన్నమైన ప్రకృతి, ఆహారము, బలము, వయస్సు గల జనులు ఒకే వ్యాధిచే ఒకే కాలమున ఎట్లు నశింతురని అగ్నివేశుడు ప్రశ్నింపగా, ఆత్రేయుడు వారందరికిని ఉమ్మడియైనవి నాలుగున్నవనెను: వాయువు, జలము, దేశము, కాలము. చెడిన వాయువు లక్షణములను చెప్పుచు దుర్గంధమును, ఆవిరిని, ఇసుకను, ధూళిని, పొగను ఆయన పేర్కొనెను. అంతటితో నిలువక, ఈ నాలుగును చెడుటకు మూలమేమని విచారించి, అధర్మమనియు, ఆ అధర్మమునకు మూలము ప్రజ్ఞాపరాధమనియు చెప్పెను. దేశనగరములకు పెద్దలైనవారు ధర్మమును దాటి ప్రజలను నడుపగా, వారి ఆశ్రితులును, పౌరులును, వ్యవహారజీవులును ఆ అధర్మమును పెంచుదురని వివరించెను. అదే గ్రంథము చికిత్సాస్థానమున శ్వాసరోగములను వర్ణించునప్పుడు, ధూళి, పొగ, చల్లని తావులు వానికి కారణములని చెప్పి, ఉబ్బసమును పోలిన తమకశ్వాసము గల రోగి పరుండినచో బాధపడి కూర్చున్నచో ఊరట చెందునని గూడ గమనించినది. ఒకే శాస్త్రము ఒక అధ్యాయమున రోగి మంచము చెంత నిలిచినది, మరియొక అధ్యాయమున ఊరి పెద్దలను నిలదీసినది. కర్మ వ్యక్తిదే కానక్కరలేదు, ఊరిది గూడ కావచ్చునను ఈ దర్శనములో పై చిక్కు విడుచున్నది: పదిమంది కలిసి చేసినదానిని పదిమంది ఊపిరులు అనుభవించుచున్నవి; వారిలో బలహీనుడు మొదట కూలుచున్నాడు.

ప్రజ్ఞాపరాధమను ఆ భావముననే చిన్న యంత్రపు ధర్మార్థమంతయు ఇమిడియున్నది. బుద్ధి, ధైర్యము, స్మృతి తప్పిపోగా మనుష్యుడు చేయు అశుభకర్మము ప్రజ్ఞాపరాధము. అంకె లేనినాడు పొగ పెట్టినవాడు తెలియక చేసితిననుటకు వీలుండెను. అతని పొగ అజ్ఞానపు పొగ. పెట్టెపై అంకె కనబడి, దాని ప్రక్కనే పొరుగుబిడ్డ పీక్ ఫ్లో పడిపోయినట్లు పుస్తకమునకెక్కిన పిమ్మట, అదే పొగ ప్రజ్ఞాపరాధమగుచున్నది. కొలత వలన గాలి మారదు. గాలిని చెరచువాని స్థితి మారును. తెలియుటకును తెలియకపోవుటకును నడుమ ధర్మము గీచిన గీతను ఈ సాధనము మన గడప వద్దకు తెచ్చినది.

లండను నగరమున ఎల్లా కిస్సి-డెబ్రా అను తొమ్మిదేండ్ల బాలిక 2013 ఫిబ్రవరిలో ఉబ్బసముచే మరణించెను. ఆమె యిల్లు వాహనములతో క్రిక్కిరిసిన రహదారికి చేరువనుండెను. తల్లి పట్టువిడువక పోరాడగా, 2020 డిసెంబరులో విచారణాధికారి ఆ మరణకారణములలో వాయుకాలుష్యమును స్పష్టముగా చేర్చెను. ఆ తీర్పు బిడ్డను తిరిగి తేలేదు. కాని దుఃఖమునకు దాని యథార్థనామమునిచ్చెను, అంతవరకు ఎవ్వరిదియు కాని దోషమును మనుష్యుల నడుమకు తెచ్చెను.

మరి మన యెడ? 2019 నాటి అంతర్జాతీయగణన ననుసరించి భారతదేశమున ఉబ్బసరోగులు సుమారు 3 కోట్ల 40 లక్షలు. మృగశిరకార్తె నాడు హైదరాబాదులో బత్తిని వంశీయులిచ్చు చేపమందునకై దేశము నలుమూలల నుండి జనులు వచ్చి, కొర్రమీను పిల్లతోబాటు ఆ మందును మ్రింగుదురు. ఊపిరికై ఇంతటి ఆర్తితో వచ్చువారిని పరిహసించుటకు నాకు మనసొప్పదు. వెల లేక ఇచ్చుట అను ఆ యాచారములోని ఔదార్యమును గౌరవింతును. కాని శ్వాసనాళపు వాపును దినదినము అణచునది వైద్యుడు వ్రాసియిచ్చిన ఇన్‌హేలరే. పంపు మొదలుపెట్టిన అలవాటగునను భయముతో దానిని మానివేయుటయు, ఆయాసము వచ్చినప్పుడు మాత్రమే ఉపశమనపు మందును పీల్చి మిన్నకుండుటయు ప్రాణాపాయము. చేతిలోని సెన్సారు పచ్చరంగు చూపినదని మందు మానువాడును అంతే ప్రమాదమున పడును.

కొలుచుకొనుచు కూర్చున్నచో భయమే పెరుగునను ఆక్షేపమును తేలికగా త్రోసివేయరాదు. అంకెను చూచి చూచి గడప దాటనొల్లని రోగి, గాలికి బదులు అంకెనే పీల్చుచున్నాడు. కాని మన యోగులు దినమునకు 21,600 శ్వాసలని, అనగా నిమిషమునకు పదునైదని లెక్కించి, ఒక్కొక్కదానిని అజపాజపముగా భావించిరి. ఆ లెక్క భయము నుండి పుట్టలేదు, మెలకువ నుండి పుట్టినది. కొలత మెలకువను కలిగించునంతవరకు సాధనము. భయమును పెంచినప్పుడు బంధము. ఇంకొకటి: సంఖ్యను ధర్మముగా భ్రమింపరాదు. పి.ఎం. 2.5 దినసరి సగటునకు మన దేశము విధించిన హద్దు 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో సూచించినది 15. ఊపిరితిత్తులు ఒక్కటే, హద్దులు రెండు. హద్దు మనుష్యులు తమ శక్తినిబట్టి కుదుర్చుకొన్న ఒప్పందమే గాని, దానికి ఈవల నిర్దోషమనియు ఆవల పాపమనియు ప్రకృతి గీచిన రేఖ కాదు. అరువదికి లోబడితినని తృప్తిపడువాడు, ఏబదిలోనే ఎగరోజు బిడ్డను ఒకసారి చూడవలెను.

ఇక రోగి తప్పుకొనవలెనా, పొగ పెట్టువాడు మానవలెనా అను మొదటి ప్రశ్న. సాధనము రోగితో, ‘ఇచ్చటి నుండి లెమ్ము, కిటికీ మూయుము, ఈ వేళ బయలుదేరకుము’ అనును. ఇది మంచి సలహాయే. వేరు గది గలవానికి, వేరు పని గలవానికి. ఒంటిగది యింట వంట చేయు స్త్రీ ఎచ్చటికి లేచిపోవును? కూలికి పోయి కొయ్యకాళ్ళ మంట ప్రక్కనే నాటు వేయునది ఏ కిటికీ మూయును? తప్పుకొనుటయే చికిత్సయైనచో, తప్పుకొనలేనివారికి చికిత్స లేనట్లే. కావున రోగి చేతిలోని అంకె రోగికంటె ఎక్కువగా ఇతరులు చదువదగిన లేఖ.

దానిని మొదట చదువవలసినవారు భక్తులు. తైత్తిరీయోపనిషత్తు ఆదియందలి శాంతిమంత్రము వాయువును ప్రత్యక్షబ్రహ్మముగా సంబోధించుచున్నది. బైబిలు ఆదికాండము, మంటితో చేసిన మనుష్యుని నాసికలో దేవుడు ఊదిన ఊపిరియే వానిని సజీవుని చేసెనని చెప్పుచున్నది. వాయువు బ్రహ్మమని వాకొని, ఆ వాయువును చెరచి చేయు పూజ పూజ కాజాలదు. ఇంట ఉబ్బసరోగి యుండగా మూసిన గదిలో సాంబ్రాణిపొగ నింపుట, ఇరుకు సందులో టపాకాయలు కాల్చుట దేవునికి ప్రీతి కాదు. 2018 అక్టోబరులో సర్వోన్నత న్యాయస్థానము దీపావళి టపాకాయలకు రాత్రి ఎనిమిది నుండి పది వరకు రెండు గంటలే గడువిచ్చినప్పుడు మతస్వేచ్ఛకు భంగమని వాపోయినవారుండిరి. ఊపిరి పీల్చు స్వేచ్ఛ అంతకు పూర్వపుదని ఏ ఋషియు కాదనడు. దీపమును వెలిగింతము, ధూపమును రోగి గది దాటి ఆరుబయట వేయుదము. భక్తి తరుగదు.

తరువాత రైతులు, వ్యాపారులు, పాలకులు. కొయ్యకాళ్ళను కాల్చు రైతు దుష్టుడు కాడు; తరువాతి నాటుకు గడువు తక్కువ, దున్నించుటకు కూలి ఎక్కువ. కావున అతనికి యంత్రసహాయమును, గడ్డికి గిరాకిని కల్పించుట పాలకుల ధర్మము. మంట మానుట రైతు ధర్మము. ఒకటి లేనిదే రెండవది నిలువదు. నాటి మెదకు జిల్లాలోనే పటాన్‌చెరువు, బొల్లారము ప్రాంతముల పారిశ్రామిక కాలుష్యముపై 1990లో సుప్రీముకోర్టున వ్యాజ్యము వేయవలసివచ్చినది, వైద్యుడైన ఎ. కిషన్‌రావు వంటివారు దశాబ్దముల తరబడి పోరాడవలసివచ్చినది. కొలత ప్రజల చేతిలో లేనికాలమున సత్యమును నిరూపించుటకే సగము జీవితము వ్యయమగును. ఇకమీదట ఆ వ్యయము తగ్గవలెను.

మెదకునకు ఇట్టి సమష్టిధర్మము క్రొత్త కాదు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన ఆ మహోన్నతమైన చర్చిని చార్లెస్ వాకర్ పాస్నెట్ కరువుకాలమున ఆకలిగొన్నవారికి పని కల్పించి, అన్నము పెట్టుచు కట్టించెను. ఆకలి ఆకలిగొన్నవాని స్వకీయదోషము కాదనియు, దానికి ఊరంతయు బదులు చెప్పవలెననియు నాడు ఈ నేల అంగీకరించినది. అన్నము లేక మనుష్యుడు కొన్ని వారములు జీవించును. ఊపిరి లేక కొన్ని నిమిషములు. తక్కువ గడువు గల అక్కరకు ఎక్కువ ధర్మము చెల్లునుగాని తక్కువ ధర్మము చెల్లదు. కొన్ని వేల రూపాయల సెన్సారును ప్రతి పేదరోగియు కొననక్కరలేదు. ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకొకటి, పాఠశాలకొకటి, ఆశా కార్యకర్తకొకటి యుండి, అవసరమైన యింట కొన్ని దినములుంచి, తెలిసినదానిని గ్రామసభలో నలుగురి యెదుట చదివిన చాలును. చదివిన నాడు నింద వలదు. ఏ పొగను ఎవరు, ఎప్పుడు, ఎట్లు మానగలరో నిర్ణయించుకొనుటయే వలయును. రోగి తన మందును తప్పక వాడుట అతని పాలి ధర్మము. అతడు పీల్చు గాలిని కాపాడుట మన పాలి ధర్మము. ఈ రెండవదానిని నెరవేర్పని సంఘము మొదటిదానిని గూర్చి రోగికి బోధించుటకు అర్హము కాదు.